ముందే కడతానంటే చార్జీ పడుతుందా? ముందు మీ లోన్ కాగితం తీసి చూడండి

మా మామయ్యది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో చిన్న బట్టల కొట్టు. ఐదేళ్ల కిందట ఇంటి మీద పై అంతస్తు వేయడానికి బ్యాంకులో హోమ్ లోన్ తీసుకున్నాడు. మొన్న పాతపట్నం దగ్గర ఉన్న పొలం ముక్క అమ్మితే మూడు లక్షలు చేతికొచ్చాయి. లోన్‌లో కట్టేద్దామని బ్రాంచికి వెళ్తే కౌంటర్లో కూర్చున్న అబ్బాయి "ముందే కడితే రెండు శాతం పడతాదండి" అన్నాడట. అంతే, మామయ్య అదే కౌంటర్లో ఆ మూడు లక్షలూ ఎఫ్‌డీ వేసి ఇంటికొచ్చాడు. "ఆరు వేలు ఊరికే పోతాయి కదరా, అందుకే ఆగాను" అన్నాడు నాతో.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎందుకంటే ఆయనకు అసలు ఆ చార్జీ వర్తించదు. ఒకవేళ వర్తించినా, ఆరు వేలకు భయపడి ఆగడం వల్ల పోయేది ఆరు వేల కంటే చాలా ఎక్కువ. ఇది మామయ్య ఒక్కడి సంగతి కాదు, బరంపురం నుంచి రాయగడ దాకా మనవాళ్ల ఇళ్లల్లో ఈ భయం చాలాసార్లు చూశాను.

ఇంతకీ ఈ చార్జీ ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి, లేకపోతే బ్యాంకువాళ్లంతా దోపిడీదారులన్నట్టు ఉంటుంది. ఫిక్స్‌డ్ వడ్డీకి లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు కూడా ఆ డబ్బును ఎక్కడో ఒక రేటుకు తెచ్చుకుంటుంది. మధ్యలో బజారులో వడ్డీలు తగ్గాక మనం మొత్తం తీర్చేస్తే, ఆ డబ్బును మళ్లీ తక్కువ రేటుకే ఇచ్చుకోవాలి. ఆ తేడా వాళ్లకు నిజంగానే నష్టం. అందుకే బ్రిటన్‌లో రెండేళ్లకో ఐదేళ్లకో రేటు ఫిక్స్ చేసుకున్నవాళ్లు గడువు తీరకముందే తీర్చేస్తే మిగిలిన అప్పు మీద ఒకటి నుంచి ఐదు శాతం దాకా చార్జీ కట్టడం మామూలు. ఏటా పది శాతం దాకా అదనంగా కడితే మాత్రం అక్కడి చాలా బ్యాంకులు ఏమీ అడగవు. ఫ్లోటింగ్ లోన్ విషయంలో ఈ వాదన నిలవదు. రేటు బజారుతో పాటే కదులుతుంది కాబట్టి, మనం ముందే కడితే బ్యాంకుకు ఆ రకం నష్టం ఉండదు.

మన రిజర్వు బ్యాంకు ఈ సంగతి ఎప్పుడో ఒప్పుకుంది. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్ల మీద ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని 2012 జూన్‌లోనే బ్యాంకులకు చెప్పేసింది. 2014లో దాన్ని వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ టర్మ్ లోన్లకు, అంటే నిర్ణీత గడువులో తీర్చే అప్పులన్నిటికీ, విస్తరించింది. ఆ తర్వాత వ్యాపార అవసరానికి తీసుకున్న లోన్లకు ఈ మినహాయింపు ఉండదని స్పష్టం చేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇల్లు తనఖా పెట్టి కొట్టు కోసం డబ్బు తెచ్చుకున్న చిన్న వ్యాపారి కూడా తనది "ఇంటి లోన్" అనే అనుకుంటాడు, కాగితంలో మాత్రం అది బిజినెస్ లోన్ అని ఉంటుంది. మన సరిహద్దు ఊళ్లలో కొట్టూ ఇల్లూ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి, ఏ లోన్ దేనికి తీసుకున్నామో మనకే గుర్తుండదు.

ఈ చిక్కు ఇప్పుడు చాలావరకు తీరింది. 2025 జులైలో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన ఫ్లోటింగ్ లోన్లకు అవి వర్తిస్తాయి. వాటి ప్రకారం వ్యక్తులకు, సూక్ష్మ, చిన్న సంస్థలకు వ్యాపారం కోసం ఇచ్చిన లోన్ల మీద కూడా పెద్ద వాణిజ్య బ్యాంకులు ముందస్తు చార్జీ వేయకూడదు. గ్రామీణ బ్యాంకులకు, చిన్న ఫైనాన్స్ బ్యాంకులకు ఈ నిషేధం 50 లక్షల వరకు ఉన్న లోన్లకు ఉంది. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చావని అడిగి చార్జీ వేయడానికి లేదు, పొలం అమ్మినా, బంగారం అమ్మినా, ఇంకో బ్యాంకుకు లోన్ మార్చుకున్నా ఒకటే. "మూడేళ్లు నిండాలి" లాంటి లాకిన్ షరతులు కూడా పెట్టకూడదు.

మొదటి రెండు మూడేళ్లు ఫిక్స్‌డ్, ఆ తర్వాత ఫ్లోటింగ్ అని ఇచ్చే లోన్లు కొన్ని ఉంటాయి. వాటిలో మనం డబ్బు కట్టే రోజున లోన్ ఏ రేటు మీద ఉందన్నదే లెక్క. పూర్తిగా ఫిక్స్‌డ్ లోన్ అయితే బ్యాంకు తన పాలసీ ప్రకారం చార్జీ తీసుకోవచ్చు, కాకపోతే దాన్ని ముందుగా కాగితంలో చెప్పి ఉండాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇరవై లక్షలు, 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకోండి. ఈఎంఐ దాదాపు 17,995 రూపాయలు వస్తుంది. మొదటి నెల కట్టిన దాంట్లో 15,000 వడ్డీకే పోతుంది, అసలులోకి వెళ్లేది మూడు వేల లోపే. ఐదేళ్లు క్రమం తప్పకుండా, దాదాపు పది లక్షల ఎనభై వేలు కట్టాక కూడా బాకీ ఇంకా 17 లక్షల 74 వేలు ఉంటుంది. ఈ అంకె చూపిస్తే మామయ్య కాసేపు మాట్లాడలేదు. "మరి ఇన్నాళ్లూ నేను కట్టిందేంట్రా?" అన్నాడు. వడ్డీ, మామయ్యా.

ఆ దశలో మూడు లక్షలు ఒకేసారి అసలులో కట్టి, ఈఎంఐ మార్చకుండా ఉంచితే, లోన్ 52 నెలలు ముందే తీరుతుంది. రేటు అలాగే ఉంటే మనకు ఆదా అయ్యే వడ్డీ దాదాపు ఆరు లక్షల నలభై వేలు. ఇప్పుడు ఆ రెండు శాతం చార్జీ నిజంగానే పడిందనుకోండి, ఆరు వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపినా 7,080 రూపాయలు. ఎఫ్‌డీ కూడా పెరుగుతుంది కదా అనొచ్చు. నిజమే, పెరుగుతుంది. కానీ 9 శాతానికి అప్పు ఉంచుకుని ఆరున్నర శాతానికి ఎఫ్‌డీ వేస్తే మూడు లక్షల మీద ఏటా 7,500 నష్టం, ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను కట్టాల్సి వస్తే ఇంకా ఎక్కువ. అంటే చార్జీకి భయపడి ఆగిన మొదటి ఏడాదే ఆ చార్జీ కంటే ఎక్కువ పోయింది. ఇంట్లో అత్యవసరానికి కొంత డబ్బు విడిగా ఉంచుకోవాలన్న మాట వేరు, అది ఉంచుకున్నాక మిగిలిన దాని గురించే నేను చెబుతున్నది.

ఫిక్స్‌డ్ లోన్ నుంచి వేరే బ్యాంకుకు మారాలనుకునేవాళ్లు మాత్రం తొందరపడకుండా లెక్క వేసుకోవాలి. పైన చెప్పిన 17 లక్షల 74 వేల బాకీ మీద రెండు శాతం, జీఎస్టీతో కలిపి దాదాపు 42 వేలు. కొత్త చోట ఒక శాతం తక్కువకు ఇస్తే నెలకు వెయ్యి నలభై దాకా మిగులుతుంది. పెట్టిన చార్జీ తిరిగి రావడానికే నలభై నెలలు పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు పైగా. ఇంకా పదిహేనేళ్లు మిగిలిన లోన్‌కు అది మంచి బేరమే, నాలుగేళ్లలో తీరిపోయే లోన్‌కు వద్దంటాను.

మళ్లీ మామయ్య దగ్గరికి వస్తే, ఆ రాత్రి బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి సాంక్షన్ లెటర్, అంటే లోన్ మంజూరు కాగితం, మంచం మీద పరిచాం. రేషన్ కార్డు జిరాక్స్‌కి అంటుకుపోయి ఉంది. రెండో పేజీలో వడ్డీ రకం దగ్గర ఫ్లోటింగ్, రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రేటు) అనుసంధానం అని స్పష్టంగా ఉంది. చివరి పేజీలో ఫీజుల పట్టిక, అందులో రెండు శాతం అన్న అంకె. దాని పక్కన చిన్న చుక్క, పేజీ అడుగున ఆ చుక్కకు అర్థం, ఫిక్స్‌డ్ లోన్లకు మాత్రమే అని. అంతా ఇంగ్లిష్‌లో ఉంది. మామయ్య తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతాడు, ఒడియాలో బేరాలాడతాడు, ఆ ఒక్క చుక్క మాత్రం ఐదేళ్లుగా ఆయన కంట పడలేదు.

మర్నాడు ఒక కాగితం రాసిచ్చాం. "నాది ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్. మూడు లక్షలు అసలులో జమ చేసి, ఈఎంఐ అలాగే ఉంచి, గడువు తగ్గించగలరు. చార్జీ వేసేటట్లయితే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలపగలరు." రెండో కాపీ మీద సీలు వేయించుకున్నాం. వారం రోజుల్లో చార్జీ లేదని ఫోన్ వచ్చింది. ఎఫ్‌డీ మధ్యలో తీసినందుకు కొంత వడ్డీ తగ్గింది, అది మా పొరపాటుకు ఖర్చు. బ్యాంకు జవాబివ్వకపోతే ముప్పై రోజులు చూసి ఇలాంటి గొడవలు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి.

లోన్ మొత్తం తీర్చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఇంటి పత్రాలు ముప్పై రోజుల్లో తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మనకు కట్టాలి. లోన్ ఖాతా ఉన్న బ్రాంచిలో తీసుకోవాలా, పత్రాలు ఉన్న వేరే ఆఫీసులో తీసుకోవాలా అన్నది మన ఇష్టం. ఇల్లు ఒడిశాలో, లోన్ శ్రీకాకుళం వైపు బ్రాంచిలో ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది భాష సంగతి. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ కేఎఫ్ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్) అనే వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. లోన్ తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో అది ఉండాలి, అందులోని విషయం వాళ్లకు వివరించాలి. అందులో రాయని చార్జీని వాళ్ల స్పష్టమైన అనుమతి లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ పర్లాకిమిడిలో ఉంటూనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా ఇళ్లల్లో తెలుగు పోలేదు. ఇల్లు తాకట్టు పెట్టే కాగితం తెలుగులో కావాలని అడిగే హక్కు మనకు ఉంది, అడిగినవాళ్లను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

వచ్చే సోమవారం గుణుపురంలో మా చెల్లెలు, బావగారు హోమ్ లోన్ సంతకాలకు వెళ్తున్నారు. తెలుగు కేఎఫ్ఎస్ ఇవ్వమని నిన్ననే బ్రాంచికి ఉత్తరం పంపించాం. అది చేతికి వచ్చి, రేటు ఫ్లోటింగా ఫిక్స్‌డా అన్న గడి, చార్జీల గడి ఇద్దరూ చదువుకున్నాకే సంతకం పెడతామని చెల్లెలు ఫోన్‌లో చెప్పింది.