మరుగుదొడ్డికి ఏడు నిమిషాలు

సింగపూర్ ప్రయాణానికి మా తోడల్లుడు తయారుచేసిన ఎక్సెల్ షీటులో నలభై మూడో వరుస ఇలా ఉంది: ‘మరుగుదొడ్డి, ఆరుగురికి, 7 నిమిషాలు’. లెక్కల్లో మొదటి నుంచీ వెనకబడినవాణ్ని గనుక కాగితం మీద భాగించి చూసుకున్నాను. తలా ఒక నిమిషం పది సెకన్లు వచ్చింది. ఆ ఆరుగురిలో మా అత్తగారు ఉన్నారు. ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి, ‘శ్రీరామా’ అనుకుంటూ కుర్చీలోంచి లేవడానికే ఆ కేటాయింపు చాలదు. ఈ సంగతి వినయంగా మనవి చేస్తే, “అన్నగారూ, అత్తయ్యగారి కోసమే బఫర్, అంటే అదనపు సమయం, పెట్టాను, కింద చూడండి” అన్నాడు. చూశాను. నలభై నాలుగో వరుసలో, పసుపు రంగు గడిలో, ‘బఫర్, 3 నిమిషాలు’ అని ఉంది.

ఇలాంటి తోడల్లుడో బావమరిదో ప్రతి ఇంటికీ ఒకడు ఉంటాడు గనుక అతని గుణగణాలు వర్ణించి పాఠకులను విసిగించను. పథకం మాత్రం చెప్పి తీరాలి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడి, మియాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా, విమానానికి మూడు గంటల ముందే శంషాబాద్ చేరాలి. రాత్రి పదకొండింటికి ఎక్కితే ప్రయాణం దాదాపు నాలుగున్నర గంటలు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది గనుక, దిగేసరికి ఉదయం ఆరవుతుంది. అలా గల్లంతైన రెండున్నర గంటల నిద్రకు ఎదురుగా ‘తిరుగు ప్రయాణంలో రికవరీ’ అని రాసి ఉంది. శనివారమంతా సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ వినోదాల పార్కు, ఆదివారం ముస్తఫా అనే పెద్ద దుకాణంలో కొనుగోళ్లు, రాత్రికి విమానం, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆఫీసులో స్టాండప్ మీటింగు. సెంటోసా అంటే మలయ్ భాషలో ప్రశాంతత. 1970ల మొదట్లో ఆ పేరు పెట్టేదాకా దాన్ని ‘పులావ్ బ్లాకాంగ్ మాటి’ అనేవారు. ‘మాటి’ అంటే చావు. షీటు చదివాక, పాత పేరు మార్చకుండా ఉండాల్సిందనిపించింది.

వీసా సంగతి క్లుప్తంగా ముగిస్తాను. మన పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా తప్పనిసరి. రుసుము ముప్పై సింగపూర్ డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా తిరిగి రాదు. ఫొటోలో నవ్వకూడదని స్టూడియో కుర్రాడు చెబితే, “వెళ్లేది నవ్వుకోవడానికే కదా నాయనా” అన్నారు మా అత్తగారు.

అసలు సంక్షోభం ఎత్తు దగ్గర వచ్చింది. ఆ పార్కులో మమ్మీ పేరుతో ఒక రోలర్ కోస్టర్ ఉంది. దాన్ని ఎక్కాలంటే కనీసం 122 సెంటీమీటర్లు ఉండాలి. పోయిన ఆదివారం మా హాల్లో ఏడేళ్ల మా అబ్బాయిని గుమ్మానికి ఆనించి నిలబెట్టారు. మా ఆవిడ కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసింది. నెత్తిన నోటు పుస్తకం అడ్డంగా పెట్టి, తోడల్లుడు పెన్సిలుతో గీత గీశాడు. నూట ఇరవైన్నర. హాలంతా నిశ్శబ్దం. సంబంధం తప్పిపోయిన ఇంట్లో కూడా అంత నిశ్శబ్దం చూడలేదు. మళ్లీ కొలిచారు. నూట ఇరవైన్నరే. మా మరదలు వాడి జుట్టు తడిపి పైకి దువ్వి కొలవమంది. మందపాటి అట్టల బూట్లు తొడిగి కొలిచారు. బూట్ల లోపల మడిచిన జేబురుమాళ్లు పెట్టి కొలిచారు. వాడు ముందుకు తూలాడు. అప్పుడు అత్తగారు మంచం మీద నుంచే, “పిల్లలు నిద్రలేచిన వేళ పిసరు పొడుగుంటారు, పొద్దున్నే కొలవండి” అన్నారు. తోడల్లుడు ఫోనులో వెతికాడు. నిజమేనట: పగలంతా నిలబడేసరికి వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలు అణిగి, సాయంత్రానికి మనిషి కాస్త కురచవుతాడట. పెళ్లైన పదేళ్లలో మొదటిసారి అతను అత్తగారి వైపు గౌరవంగా చూసి, మమ్మీని సాయంత్రం నుంచి మొదటి గడిలోకి మార్చాడు. అయితే విమానంలో కూర్చుని నిద్రపోతే వెన్ను సాగదు కదా? అందుకని పిల్లవాణ్ని ముగ్గురు పెద్దల ఒళ్లలో బారుగా పడుకోబెట్టాలని తీర్మానించి, ఆ ముగ్గురి పేర్లూ షీటులో రాశారు. మధ్యవాణ్ని నేను.

వరుసలో త్వరగా కదలడానికి విడిగా ఎక్స్‌ప్రెస్ పాసు కొనాలి. మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి అలవాటుపడ్డవాళ్లం గనుక ఎవరమూ ఆశ్చర్యపోలేదు. కాకపోతే తిరుమల కంపార్ట్‌మెంట్లలో పాలో ఉప్మానో చేతికిస్తారు.

కొలతలు ముగిశాక మా అబ్బాయి బూట్లు విప్పుకుంటూ, “నాన్నా, నేను పెరగకపోతే అందరూ ఆగిపోతారా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

అసలు రెండే రోజుల్లో ఎందుకు వెళ్లి రావాలి? నాకు ఈ ఏడాది ఇంకా పద్దెనిమిది రోజుల సెలవు మిగిలి ఉంది. అడిగితే మా మేనేజరు కాదనడు, కాదంటే పోట్లాడవచ్చు. “తప్పకుండా తీసుకోండి, అయితే అది రిలీజు వారం కదా, మీ బదులు ఎవరు చూస్తారో మీరే చెప్పండి” అంటాడు. రిలీజు వారం కాని వారం మా ఆఫీసులో నేను చూడలేదు. తోడల్లుడి కథా అంతే. మా మామగారి సంవత్సరీకం నాడు, లోపల మంత్రాలు చదువుతుంటే, అతను పెరట్లో నీళ్ల తొట్టి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎవరికో క్షమాపణలు చెబుతున్నాడు. పంచె తడిసిపోతున్నా చూసుకోలేదు. మాకు మిగిలిన ఆ సెలవు పేరే ఆర్జిత సెలవు. అంటే మేం పనిచేసి సంపాదించుకున్నది. మా సొమ్ము మేం అడిగితే దొంగల్లా గొంతు తగ్గించుకోవలసిన గతి ఎందుకు పట్టింది? ముసలావిడకు నిమిషం పది సెకన్లు కొలిచి ఇచ్చినవాడు నా తోడల్లుడు కాదు. మా ఏడాదంతా మింగేసి, చివర్లో రెండు రోజులు ఎంగిలి మెతుకుల్లా విదిల్చి, పైగా ‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ అని గోడల మీద పోస్టర్లు అంటించే పెద్దమనుషులు వాళ్లు. సిగ్గు లేని జన్మలు!

క్షమించాలి, షీటు సంగతి మధ్యలో వదిలేశాను. నిన్న రాత్రి అత్తగారు తాను రానని ప్రకటించారు. హైదరాబాద్ పక్కనే రావిర్యాలలో 2016 నుంచి వండర్‌లా పార్కు ఉండగా ఇంత రాద్ధాంతం దేనికో తనకు అర్థం కాలేదని, మోకాళ్లు బాగుంటే ఏదో ఒక రోజు మనవణ్ని తానే అక్కడికి తీసుకెళతానని అన్నారు. విమానం టికెట్లు ఇంకా కొనలేదు. ధర తగ్గుతుందని తోడల్లుడు కాచుకుని ఉన్నాడు. ఈ ఉదయం సవరించిన షీటు పంపాడు. నలభై నాలుగో వరుస లేదు. నలభై మూడో వరుసలో ‘మరుగుదొడ్డి, ఐదుగురికి, 5 నిమిషాలు’ అని ఉంది. భాగించి చూసుకున్నాను. తలా పది సెకన్లు తగ్గింది.