పదహారు ఎపిసోడ్ల వ్రతకల్పం

కొరియన్ డ్రామా చూడటానికి ఒక శాస్త్రం ఉంది. అది తెలియకే మనవాళ్లు శుక్రవారం రాత్రి రిమోటు పట్టుకుని కూర్చుంటున్నారు. సోమవారం పొద్దున ఆఫీసులో కళ్లెందుకు వాచాయని అడిగితే కళ్లకలక అని బొంకుతున్నారు. దేవుడికి చేసే ఉపచారాలు పదహారు, సియోల్ నుంచి వచ్చే డ్రామాకు ఎపిసోడ్లూ పదహారే. ఇది కాకతాళీయం అనేవాళ్లు ఇంకా పదిహేనో ఎపిసోడ్ దాకా రాలేదన్నమాట.

ముందు లెక్క తేల్చుకుందాం. ఎపిసోడ్ సగటున 70 నిమిషాలు. పదహారుతో హెచ్చవేస్తే 18 గంటల 40 నిమిషాలు. కొరియావాళ్లు దీన్ని వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు సాగదీసి చూస్తారు. మధ్యలో అయిదేసి రోజులు ఏడవడానికి, తేరుకోవడానికి, పనిలో పనిగా ఉద్యోగం చేసుకోవడానికి. మనం ఆ మొత్తాన్ని ఒకటే వారాంతంలో మింగి, మంగళవారానికి ‘ఇలాంటిదే ఇంకోటి చెప్పండి’ అని ఊరిమీద పడతాం. కొందరైతే ఒకటిన్నర వేగంలో చూస్తారు. మంత్రాలు మింగే పురోహితుణ్ని తప్పుపట్టే హక్కు వాళ్లకు ఆ క్షణమే పోయింది.

మొదటి ఉపచారం ఆవాహనం. దీన్ని 2019 డిసెంబరులో మొదలైన ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ చేసినంత శాస్త్రోక్తంగా ఎవరూ చేయలేదు. కోటీశ్వరురాలు యూన్ సేరి పారాగ్లైడింగ్‌కు వెళ్లి, సుడిగాలిలో కొట్టుకుపోయి, సరిహద్దు దాటి ఉత్తర కొరియా అడవిలో చెట్టుకు చిక్కుకుంటుంది. అక్కణ్నుంచి జారి సరిగ్గా కెప్టెన్ రీ జంగ్ హ్యోక్ మీదే పడుతుంది. అంత పెద్ద సైన్యంలో వంట వచ్చిన, పియానో వచ్చిన, పెళ్లికాని అందగాడి మీదే పడటానికి ఎంత గురి కావాలి! మామూలు డ్రామాలకు అంత స్తోమత ఉండదు కాబట్టి కాఫీ ఒలికించడంతో సరిపెడతాయి. ఏదైనా సరే, మొదటి ఎపిసోడ్ చూసి తీర్పు చెప్పకూడదు. అందులో కనిపించేది నిర్మాత డబ్బు. రచయిత పనితనం బయటపడేది రెండో ఎపిసోడ్ చివరి పది నిమిషాల్లో.

స్నానం వానతో జరుగుతుంది. ఇద్దరికీ ఒకే గొడుగు ఉండాలి, అది ఒకరికి చాలేదై ఉండాలి. కెమెరా ముందు గొడుగు కర్ర మీద చేతులు చూపిస్తుంది. తరవాత గొడుగు రెండు అంగుళాలు హీరోయిన్ వైపు ఒరుగుతుంది. ఆఖరున వెనకనుంచి హీరో భుజం చూపిస్తుంది. కోటు రంగు ఆ ఒక్క భుజం దగ్గర ముదురుగా ఉంటుంది. హీరోయిన్ చూడదు, మనం చూస్తాం. పాట అందుకుంటుంది. లోకంలో ఇన్ని గొడుగులుండగా రెండోది కొనుక్కోవచ్చు కదా అని అడిగే భర్తలను ఆ 40 సెకన్లు గదిలోంచి పంపించేయడమే మేలు.

ఎనిమిదో ఎపిసోడ్ అటూ ఇటూగా ముద్దు. హీరోయిన్ కళ్లు పెద్దవి చేసి కరెంటు షాక్ కొట్టినట్టు నిలబడాలి, అదే ముద్దును మూడు వైపులనుంచి మూడుసార్లు చూపించాలి. దీని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఎనిమిది ఎపిసోడ్లు ఆగినవాళ్లకు అదే మహాభాగ్యం.

ఇక అసలు విషయానికొస్తే, దక్షిణ కొరియా రవాణా శాఖ మీద మన అభిమానులకు ఏళ్లనాటి ఫిర్యాదు ఒకటుంది. కథ ఎక్కడ ఆగితే అక్కడ ఒక లారీ వస్తుంది. 2002లో వచ్చిన ‘వింటర్ సొనాటా’లో హీరోకు ఒక ప్రమాదంలో జ్ఞాపకం పోతుంది, ఇంకో ప్రమాదంలో తిరిగొస్తుంది, చివరికి చూపు పోతుంది. ‘గోబ్లిన్’లో 939 ఏళ్ల అమరుడు నానా తంటాలూ పడి పెళ్లి చేసుకుంటే, ఆఖరి ఎపిసోడ్‌లో బ్రేకులు ఫెయిలైన లారీకి అతని భార్య బలైపోతుంది. 2024లో ‘క్వీన్ ఆఫ్ టియర్స్’ ఏ లోటూ రానివ్వలేదు. మెదడులో కణితి, జర్మనీలో ఆపరేషన్, ఆపరేషన్‌తో జ్ఞాపకాలు మాయం. అంతా సర్దుకుంటోందనుకుంటుండగా పదిహేనో ఎపిసోడ్‌లో హీరోను వాహనం గుద్దేసింది. దాని ఆఖరి ఎపిసోడ్ దాదాపు 24.9 శాతం రేటింగుతో, అంతకుముందు ‘క్రాష్ ల్యాండింగ్’ 21.7తో పెట్టిన టీవీఎన్ చానల్ రికార్డును బద్దలుకొట్టింది. రెండూ రాసింది పార్క్ జీ యున్ అనే ఒకే రచయిత్రి. ఆమెకు జనం నాడి తెలుసు. ఆ నాడికి సెలైన్ ఎప్పుడు ఎక్కించాలో కూడా తెలుసు.

సెలైన్ అంటే గుర్తొచ్చింది. కొరియన్ డ్రామా ఆసుపత్రిలో చికిత్స ఒక్కటే. జ్వరమైనా, మూర్ఛ అయినా, మనసు విరిగినా చేతికి సెలైన్ పెడతారు. హీరోయిన్‌కు మెలకువ రాగానే సూది తానే పీకేసి పరిగెడుతుంది. నర్సులు ఎక్కడుంటారో తెలియదు, బిల్లు ఎవరు కడతారో అంతకన్నా తెలియదు.

సరిగ్గా ఇక్కడే ఒక ధర్మసందేహం. ఇవన్నీ కన్నార్పకుండా చూసే అమ్మాయే, హాల్లో అత్తగారు తెలుగు సీరియల్ పెడితే ‘ఏముందత్తయ్యా అందులో, అన్నీ సాగదీతలు’ అంటుంది. ‘కార్తీకదీపం’ 2017 నుంచి 2023 దాకా నడిచింది. కథంతా భార్య మీద డాక్టర్‌బాబు అనుమానం. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పోయేదానికి వంటలక్కను ఏళ్లపాటు ఏడిపించారని అందరూ నవ్వారు. నిజమే. కొరియాలో అలా కాదు. అక్కడ టూత్‌బ్రష్షో దువ్వెనలో వెంట్రుకో దొంగిలించి మూడో ఎపిసోడ్‌కే డీఎన్ఏ పరీక్ష చేయించేస్తారు, నాలుగో ఎపిసోడ్‌లో ఆ రిపోర్టు మార్చేస్తారు. విజ్ఞానశాస్త్రం అంతగా అభివృద్ధి చెందింది. 2008లో మొదలైన ‘టెంప్టేషన్ ఆఫ్ వైఫ్’లో, సముద్రంలో పోయిందనుకున్న భార్య కంటిపక్కన ఒక పుట్టుమచ్చ పెట్టుకుని తిరిగొస్తే, కట్టుకున్నవాడు ఆనవాలు పట్టలేక మళ్లీ ఆమెతోనే ప్రేమలో పడ్డాడు. 2014లో ఒక పొద్దుటి సీరియల్లో అత్తగారు అల్లుడి చెంప మీద కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడితో కొట్టింది. ఆవకాయ జాడీ ఎదురుగా ఉన్నా ఆ ఆలోచన మన రచయితలకు ఇంతవరకు రాలేదు.

తేడా లేదని కాదు. కొరియావాడు పదహారుతో ముగిస్తానని ముందే మాటిస్తాడు. ఆ మాట కోసం మనం దేన్నయినా క్షమిస్తాం. అయితే ఆ మాట నిలబెట్టుకోవడానికే అతను 13 నుంచి 15 దాకా మూడు ఎపిసోడ్లు గాలి కొడతాడు. కథ పన్నెండులోనే అయిపోయి ఉంటుంది. మిగిలిన ఖాళీని త్యాగంతో నింపుతారు. హీరో తల్లి కాఫీ హోటల్లో తెల్ల కవరు బల్లమీద తోసి, గ్లాసుడు నీళ్లు హీరోయిన్ మొహాన కొడుతుంది. హీరోయిన్ ఆ సంగతి హీరోకు చెప్పకుండా ‘నువ్వంటే నాకిష్టం లేదు’ అనేసి వెళ్లిపోతుంది. ఒక్క ఫోన్ కాల్‌తో తీరే గొడవ మూడున్నర గంటలు నడుస్తుంది. ఆ ఫోను మాత్రం డ్రామా పొడుగునా కొత్త మోడలే.

ఈ జబ్బుకు కారణాలు లేకపోలేదు. ఒకప్పుడు డ్రామా ప్రసారమవుతుండగానే రాసేవారు, తీసేవారు. ఆదివారం రాత్రి వచ్చే ఎపిసోడ్‌కు ఆదివారం పొద్దున షూటింగ్ జరిగిన సందర్భాలున్నాయి. సీన్ కాగితాలు ఒక్కోటిగా నటుల చేతికి వచ్చేవి. పైగా బాగా ఆడితే పొడిగింపు. ‘మై లవ్ ఫ్రమ్ ద స్టార్’ 20 అనుకున్నది 21 అయింది. కానీ 2018లో కార్మిక చట్టం మార్చి ప్రసార రంగాన్ని కూడా వారానికి 52 గంటల పరిమితిలోకి తెచ్చాక, చాలావాటికి షూటింగ్ ముందే ముగుస్తోంది. తీరిగ్గా కూర్చుని తీసినా పదమూడో ఎపిసోడ్ అలాగే ఉందంటే, దాన్ని ఇక ఆచారం అనే అనాలి.

ధూపానికి వస్తే, సిగరెట్ తెరమీద కనిపిస్తే మసక పూస్తారు. హంతకుడు ఎత్తిన కత్తికీ మసకే. వాడు చేత్తో పొగమంచు పట్టుకుని పొడుస్తున్నట్టు ఉంటుంది. సోజు అనే కొరియా సారా ఉండే 360 మిల్లీలీటర్ల ఆకుపచ్చ సీసాకు మాత్రం ఏ మసకా లేదు, దాన్ని తాగడమే కాదు, మోచేత్తో అడుగున ఒక దెబ్బ కొట్టి తిప్పి తెరిచే పద్ధతి కూడా నేర్పిస్తారు.

నైవేద్యం దగ్గర నిజంగా భక్తి కనిపిస్తుంది. 2010లో కొరియా ప్రసార చట్టం డ్రామాలో సరుకు పెట్టి చూపించే ప్రకటనను అనుమతించింది, అది తెరలో నాలుగో వంతు మించకూడదని హద్దు పెట్టింది. అప్పటినుంచి ఎంతటి కోటీశ్వరుడైనా సబ్‌వే శాండ్‌విచ్ తింటూనే ప్రేమ విషయం తేల్చుకుంటున్నాడు. హీరోయిన్ ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకోగానే బ్యాగులోంచి బామ్ కడ్డీ తీసి బుగ్గలకు రుద్దుకుంటుంది. 2016లో ‘డిసెండెంట్స్ ఆఫ్ ద సన్’ పదమూడో ఎపిసోడ్‌లో ఒక సైనికుడు కారును దానంతటదే నడిచే పద్ధతిలో పెట్టి, స్టీరింగు వదిలేసి ముద్దుపెట్టుకున్నాడు. ఇన్ని లారీలు తిరిగే దేశంలో! నైవేద్యం వికటించిన సందర్భమూ ఉంది. 2021లో ‘విన్సెంజో’లో కొరియావాళ్ల కలగలుపు అన్నం బిబింబాప్‌ను చైనా కంపెనీ డబ్బాలో పెడితే కొరియా జనం మండిపడ్డారు, తరవాత ఆ సీనే కోసేశారు. మన గోంగూర పచ్చడిని మన సినిమాలోనే పక్క రాష్ట్రం సీసాలో చూపిస్తే ఊరుకుంటామా?

చూసేవాళ్ల నైవేద్యం రామ్యోన్, అంటే కొరియా ఇన్‌స్టంట్ నూడుల్స్. ఇక్కడ జరిగే అపచారం ఏమిటంటే, మ్యాగీ కొలతతో నీళ్లు పోయడం. మ్యాగీ ప్యాకెట్టు 70 గ్రాములు, ఇది 120. దీనికి 550 మిల్లీలీటర్ల నీళ్లు, నాలుగున్నర నిమిషాలు కావాలి. తక్కువ పోస్తే కారం పేస్టులా దిగి, హీరోకు ముందే మనకు కన్నీళ్లొస్తాయి. ప్యాకెట్టు వెనక చదివే కొనాలి, కొన్నింట్లో గొడ్డుమాంసం పొడి ఉంటుంది. శనివారం నియమం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. డ్రామాలో చూసి గిన్నె మూతలో వేసుకు తినాలని ఉబలాటపడేవాళ్లు ముందు ఆ మూతకు ఆవిరి కన్నం లేదని చూసుకోవాలి. మన ఇళ్లలో చాలా మూతలకు ఉంటుంది. పులుసు తిన్నగా ఒళ్లోకి దిగుతుంది.

సెకండ్ లీడ్, అంటే హీరోయిన్‌ను ప్రేమించే రెండో కుర్రాడి మీద మనసు పడ్డ బాధితుల గురించి ఒక మాట. ఆ కుర్రాడు మంచివాడు, వండిపెడతాడు, అడక్కుండా వచ్చి తీసుకెళతాడు, అందుకే ఓడిపోతాడు. ‘రిప్లై 1988’లో జంగ్ హ్వాన్ మనసులో మాట చెప్పడానికి బయల్దేరి ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర చిక్కుకుంటాడు, అతను చేరేసరికి అదే అమ్మాయిని ప్రేమించే టేక్ అక్కడ ఉంటాడు. లారీ రాకపోతే సిగ్నల్ వస్తుంది, రవాణా శాఖ ఎటూ వదలదు. 2020లో ‘స్టార్ట్-అప్’ నడుస్తున్నన్నాళ్లూ, ఉత్తరాలు రాసిన హన్ జీ ప్యోంగ్‌కు పిల్లనివ్వాలా వద్దా అని లోకం రెండుగా చీలింది. ఇవ్వలేదు. కానీ ఆ వేషం వేసిన కిమ్ సన్ హోకు మరుసటి ఏడాది ‘హోమ్‌టౌన్ చా చా చా’లో హీరో ఉద్యోగం దొరికింది. కాబట్టి సెకండ్ లీడ్ మీద మనసు పడ్డవాళ్లు ఏడవకుండా ప్రమోషన్ కోసం ఎదురుచూడాలి. ముందే జాగ్రత్తపడదలిస్తే పోస్టర్ చూడండి. హీరోయిన్ పక్కన కాకుండా వెనక నిలబడి దూరంగా చూస్తున్నవాడెవడో వాడి మీద ఆశలు పెట్టుకోవద్దు.

శాస్త్రాన్ని ధిక్కరించినవీ ఉన్నాయి. 2025 మార్చిలో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్’ వారానికి నాలుగేసి ఎపిసోడ్లుగా దిగింది. ప్రేమ, పెళ్లి మొదట్లోనే కానిచ్చేసి, ఆ తరవాత జెజు దీవిలో పిల్లల్ని పెంచడమే కథ చేసింది. ప్రేమికుల్ని కాక అమ్మానాన్నల్ని చూసి ఏడవాల్సి రావడంతో చాలామంది అభిమానులు డ్రామా ఆపి ఇంటికి ఫోన్ చేశారు. అటువంటి డ్రామాలు తరచూ వస్తే ఈ పరిశ్రమ ఏం కావాలి?

ఈ మధ్య పన్నెండు ఎపిసోడ్లవీ పెరుగుతున్నాయి. ‘అవర్ అన్‌రిటెన్ సియోల్’ పన్నెండే, ఆ నాలుగూ లేని లోటు ఎక్కడా తెలియలేదు. ‘బాన్ ఆపెటీ, యువర్ మెజెస్టీ’ కూడా పన్నెండే. కానీ అందులో ఆఖర్న, శతాబ్దాల కిందటి జోసాన్ వంశపు రాజుగారు నేటి సియోల్లో వంటగత్తె అయిన హీరోయిన్ ముందు ప్రత్యక్షమవుతారు. ఎలా వచ్చారో చెప్పరు. సరే, వచ్చారు. మరి ఆయన కాగితాల సంగతి? కొరియాలో 13 అంకెల పౌర నమోదు సంఖ్య లేనివాడికి బ్యాంకు ఖాతా తెరవరు, పేరుమీద ఫోన్ నంబరు ఇవ్వరు. ఫోన్ నంబరు లేకపోతే సగం పనులకు గుర్తింపు ధ్రువీకరణే కాదు. ‘మై లవ్ ఫ్రమ్ ద స్టార్’లో 1609లో దిగిన గ్రహాంతరవాసికి ఎప్పటికప్పుడు కొత్త పత్రాలు పుట్టించడానికి ఒక లాయరుగారిని పెట్టారు. అదీ పద్ధతి. ఈ రాజుగారు, వంటమనిషిని వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చినాయన, ఆమె ఊళ్లో లేని రోజున ఫోన్‌లో కోడి వేపుడు కూడా తెప్పించుకోలేరు.