ఎల్‌కేజీలో తోట ఎక్కడుంది?

గుంటూరులో నాలుగేళ్లు ఎల్‌కేజీ టీచర్‌గా చేశాను. నలభైమంది పిల్లలు, ఒక గది, రెండు ఫ్యాన్లు. మూడున్నరేళ్ల వాడికి పెన్సిల్ మీద పట్టు రాదని నాకు తెలుసు. అయినా చెయ్యి పట్టుకుని దిద్దించి, డైరీలో 'రైటింగ్ ఇంప్రూవ్ అవ్వాలి' అని రాసేదాన్ని. వాన మొదలైతే కిటికీలు మూసేసేదాన్ని, పిల్లలు అటే చూస్తున్నారని.

కేజీ అంటే కిండర్‌గార్టెన్ అని అందరికీ తెలిసిందే. జర్మన్‌లో దానికి పిల్లల తోట అని అర్థమని నాకు సియాటిల్ వచ్చాకే తెలిసింది. 1840లో ఆ పేరు పెట్టిన జర్మన్ టీచర్ ఫ్రోబెల్ బడిలో నిజంగానే తోట ఉండేది, పిల్లలు తలా ఒక మడి చూసుకునేవాళ్లు. పేరైతే మన దాకా వచ్చింది, తోటే దారిలో ఎక్కడో దిగిపోయింది.

ఇక్కడ ముందు డేకేర్‌లో అసిస్టెంట్‌గా చేరాను. తర్వాత ఒక అవుట్‌డోర్ ప్రీస్కూల్‌లో ఖాళీ ఉందంటే వెళ్లాను. గదుల్లేవు. సీడర్ చెట్ల కింద టార్పాలిన్, కూర్చోడానికి దుంగలు, అంతే. మొదటి రోజే వాన. పిల్లలంతా రెయిన్ సూట్లలో వచ్చారు, నేను చుడీదార్ మీద స్వెటర్ వేసుకుని వెళ్లి పావుగంటలో తడిసి ముద్దయ్యాను. నాలుగేళ్ల పిల్ల ఒకతి నా చేతిలో ఏదో పెట్టింది. చూస్తే గుల్ల లేని నత్త, పచ్చగా, చిన్న అరటిపండంత! కెవ్వుమన్నాను. 'అరవకు, దానికి భయమేస్తుంది' అంది ఆ పిల్ల.

ఈ పని చేస్తున్నానంటే మనవాళ్లు అడిగేవి మూడే. జలుబు చేయదా? పడితే ఎలా? ఆడుకోడానికి అంత ఫీజెందుకు?

జలుబు వైరస్ వల్ల వస్తుంది, మూసిన గదిలోనే అది ఎక్కువ అంటుకుంటుంది. పడే సంగతికొస్తే, రోజూ పిల్లలు రాకముందే మేం చుట్టూ తిరిగి విరిగి వేలాడే కొమ్మలు, కందిరీగల గూళ్లు ఉన్నాయేమో చూస్తాం. గాలి గట్టిగా ఉంటే ఆ రోజు చెట్ల కిందికి వెళ్లం. చెట్టెక్కుతానంటే ఎక్కనిస్తాం, కానీ ఎత్తి కూర్చోబెట్టం. తనంతట ఎక్కిన పిల్లకి ఏ కొమ్మ దగ్గర ఆగాలో చాలావరకు తెలుస్తుంది. మనం ఎక్కిస్తే తెలియదు. ఇక మట్టి తవ్వి, తాళ్లు ముడేసి, బెరడు ఒలిచిన వేళ్లకి పెన్సిల్ పట్టు దానంతటదే వస్తుంది. గుంటూరులో నేను వెతికింది అదే.

ఫీజు సంగతి మాత్రం ఒప్పుకుంటాను, ఎక్కువే. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం 2017లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2021లో అవుట్‌డోర్ ప్రీస్కూళ్ల లైసెన్సులను శాశ్వతం చేసింది. లైసెన్సు ఉన్నచోట తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వ సాయం అందే దారుంది. లేనిచోట ఇది ఇప్పటికీ డబ్బున్నవాళ్ల సరదానే.

ఇక్కడి తెలుగు పిల్లల కోసం మనవాళ్లు నడిపే ఆదివారం తెలుగు క్లాసు గురించి కూడా ఒక మాట. పోయినేడు చిన్నపిల్లల బ్యాచ్‌కి వాలంటీర్‌గా వెళ్లాను. బయట వాన పడుతోంది. లోపల బ్లైండ్స్ దించి, ట్యూబ్‌లైట్లు వేసి, 'వ - వాన' వర్క్‌షీటుకి నీలం రంగు వేయిస్తున్నాం. తెలుగు కోసమే వచ్చిన పిల్లలకి చినుకు, జల్లు, బురద, నాచు, వానపాము, ఇన్ని మాటలు తలుపవతలే ఉన్నాయి. నాకు మళ్లీ గుంటూరు కిటికీలే గుర్తొచ్చాయి.

అయిదేళ్ల లోపు వాళ్ల క్లాసునైనా పార్కులో పెట్టమని తెలుగు క్లాసు కమిటీని అడుగుతున్నాను. అక్షరాలు ఒక ఏడాది ఆగినా ఏమీ కాదు. హాలు అద్దె మిగులుతుంది కూడా. వాన బూట్లు లేనివాళ్లు కంగారు పడక్కర్లేదు, మా ఇంట్లో నాలుగు జతలున్నాయి, పదో సైజువి రెండు, పదకొండువి రెండు.