స్టార్ల లెక్కలో సరిహద్దు కొట్టు ఎక్కడ?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం... ఒడిశాలో తెలుగువాళ్లు వ్యాపారం చేసే ఏ బజారుకెళ్లినా ఇప్పుడు గల్లాపెట్టె పక్కన ఒక ఫోనో చిన్న కంప్యూటరో కనిపిస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, స్టాకు లెక్కల యాప్, అరువు ఖాతాల యాప్, ప్రైవేటు బడి అయితే ఫీజుల సాఫ్ట్‌వేర్. దీన్నే ఎందుకు తీసుకున్నారని అడిగితే చాలామంది నుంచి వచ్చే జవాబు ఒకటే: "రేటింగ్ బాగుంది, నాలుగున్నర ఉంది." ఆ అంకెను చూసుకునే ఏడాది చందా ముందే కట్టేస్తున్నారు, తరాల నాటి పద్దుల పుస్తకం మూసేసి లెక్కలన్నీ అందులోకి ఎక్కించేస్తున్నారు. ఆ అంకె అంత నమ్మకానికి తగదని నా అభిప్రాయం. అందుకు దొంగ సమీక్షలు ఒక్కటే కారణం కాదు. నిజాయతీగా రాసిన సమీక్ష కూడా రెండు రాష్ట్రాల అంచున వ్యాపారం చేసుకునేవాడికి అక్కరకు రాకుండా పోతోంది. దీని గురించి ఎవరూ మాట్లాడడం లేదు.

దొంగ సమీక్షల సంగతి ముందు చూద్దాం. స్టార్లకు డబ్బు విలువ ఉంది కాబట్టే వాటిని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో అమెరికాలోని సియాటిల్ హోటళ్ల మీద చేసిన పరిశోధనలో, యెల్ప్ అనే సమీక్షల సైటులో రేటింగు ఒక స్టారు పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని తేలింది. హోటలుకు వెళ్లినవాడు వాసన చూసైనా వెనక్కి తిరగగలడు. సాఫ్ట్‌వేర్ కొనేవాడికి ముందుగా కనిపించేది నాలుగు స్క్రీన్‌షాట్లు, ఒక అంకె. అంతే. కాబట్టి ఇక్కడ ఆ అంకె మీద పడే బరువు ఇంకా ఎక్కువ.

అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022లో రూమ్‌స్టర్ అనే అద్దె గదుల వేదిక మీద కేసు వేసింది. యాప్ స్టోర్లలో నకిలీ సమీక్షలు కొని పెట్టించుకున్నారన్నది అందులో ఒక ఆరోపణ. సమీక్షలు అమ్మిన వ్యక్తిని కూడా ఆ కేసులోకి లాగారు. ఆ తర్వాత 2024 ఆగస్టులో నకిలీ సమీక్షల కొనుగోళ్లను, అమ్మకాలను నిషేధిస్తూ అదే కమిషన్ నిబంధన తెచ్చింది. అక్టోబరు 21 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం ఒక్కో ఉల్లంఘనకు 50 వేల డాలర్లకు పైగా జరిమానా వేయవచ్చు. మన దగ్గర 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు, అమ్మకందారు వినియోగదారుడి వేషం వేసుకుని సమీక్ష రాయకూడదన్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 పేరుతో ఒక ప్రమాణం విడుదల చేసింది. సమీక్షలు ఎలా సేకరించాలి, ఎలా వడకట్టాలి, ఎలా ప్రచురించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. కానీ దాన్ని స్వచ్ఛందంగా పాటించాల్సిన ప్రమాణంగానే తెచ్చారు. పాటించకపోతే జరిమానా అన్న భయం లేకుండా ఇలాంటి వ్యాపారం ఆగుతుందని నేను నమ్మను.

ఈ బజారుకు అవతలి కొసన మన పిల్లలే ఉన్నారు. "ఇంట్లో కూర్చుని రేటింగులు ఇవ్వండి, రోజూ డబ్బు సంపాదించండి" అంటూ వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే సందేశాలు డిగ్రీ పూర్తిచేసి పని దొరకని కుర్రాళ్లందరికీ తెలుసు. మొదట వందో రెండొందలో నిజంగానే చేతిలో పెడతారు. తర్వాత పెద్ద టాస్కు అంటారు, డిపాజిట్ కట్టమంటారు, కట్టాక మాయమైపోతారు. 2023 డిసెంబరులో కేంద్రం ఇలాంటి టాస్కు ఉద్యోగాల, పెట్టుబడుల మోసాలు నడిపే వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది. చదువుకున్న పిల్లలు కూడా ఈ మోసంలో ఎందుకు పడుతున్నారో ఆలోచించాలి. డబ్బులిచ్చి స్టార్లు వేయించుకోవడం లోకంలో మామూలేనని వాళ్లకు ముందే తెలుసు. అందుకే ఆ పని నిజం ఉద్యోగంలా కనిపించింది. పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక నిజమైన మనుషులు రాసే నిజమైన సమీక్షల దగ్గరికొద్దాం. ఇవి ఎప్పుడు పుడతాయో గమనించండి. యాప్ తెరిచాక "మాకు రేటింగ్ ఇవ్వండి" అని అడ్డం వచ్చే చిన్న పెట్టెను గూగుల్ 2020లో యాప్‌ల లోపలికి తెచ్చింది. ఆపిల్ అయితే ఒక యాప్ ఒకే మనిషిని 365 రోజుల్లో మూడుసార్లకు మించి అలా అడగకూడదని హద్దు పెట్టింది. అడగడంలో తప్పు లేదు. ఏ క్షణంలో అడుగుతారన్నదే అసలు కిటుకు. మొదటి బిల్లు అచ్చయి బయటికొచ్చి, కొట్టు యజమాని మొహం వెలిగినప్పుడు అడిగితే ఐదు స్టార్లు పడతాయి. నెలాఖరున లెక్క తేలక ఆడిటరు దగ్గర తిట్లు తింటున్నప్పుడు ఎవరూ అడగరు.

మా వైపు దీనికి ఇంకో మెట్టు ఉంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి డీలరు దగ్గరి కుర్రాడు వస్తాడు. ప్రింటరు కలుపుతాడు, నాలుగైదు సరుకుల పేర్లు కొట్టి చూపిస్తాడు. చివర్లో "సావుకారు గారూ, ఫోను ఒకసారి ఇవ్వండి" అని తీసుకుని, తనే ఐదు స్టార్లు నొక్కి, కింద "గుడ్ యాప్" అని రాసి తిరిగి చేతిలో పెడతాడు. సావుకారు టీ తెప్పిస్తాడు. ఇందులో ఎవరూ దొంగ కాదు. ఖాతా అసలైనది, కొట్టు అసలైనది, డబ్బు కట్టిన మాటా అసలైనదే. అయినా ఒక్కరోజు కూడా వాడకుండా పడిన ఆ రేటింగు, మూడేళ్లు వాడినవాడి రేటింగుతో సమానంగా లెక్కలోకి పోతుంది. నకిలీని పట్టే ఏ యంత్రమూ దీన్ని పట్టుకోలేదు.

ఇప్పుడు సరిహద్దు సంగతి. పర్లాకిమిడిని ఆనుకునే పాతపట్నం ఉంది. మొదటిది ఒడిశాలో, రెండోది శ్రీకాకుళం జిల్లాలో. పెళ్లి సంబంధాలకు, సంతకు, ఆసుపత్రికి జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, సరుకూ అంతే. జీఎస్టీ దృష్టిలో మాత్రం అవి రెండు లోకాలు. పర్లాకిమిడిలో హార్డ్‌వేర్ కొట్టువాడు అదే ఊళ్లోని మేస్త్రీకి సిమెంటు అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ వేయాలి. పాతపట్నంలోని కొట్టుకు పంపితే రాష్ట్రం దాటే సరుకు మీది పన్ను, ఐజీఎస్టీ వేయాలి. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. బాగా చేసిన సాఫ్ట్‌వేర్ ఆ రెండంకెలు చూసి పన్ను తనే మార్చుకుంటుంది. కొన్నింటిలో రాష్ట్రాన్ని చేత్తో ఎంచాలి, మరిచిపోతే కొట్టు ఉన్న రాష్ట్రాన్నే తీసేసుకుంటుంది. ఒక పన్ను కట్టాల్సిన చోట ఇంకోటి కట్టేస్తే, సరైనది మళ్లీ కట్టి, ముందు కట్టినదానికి రిఫండ్ అడుక్కోవాలి. ఈలోపు ఆ డబ్బు పెట్టుబడిలోంచి బయటికి పోయినట్టే. సరుకు వెనక్కొచ్చి క్రెడిట్ నోటు ఇవ్వాల్సి వస్తే అది కూడా మొదటి బిల్లు వేసిన పన్ను కిందే పోవాలి. తప్పులు ఎక్కువగా బయటపడేది అక్కడే.

హైదరాబాదులోనో పుణేలోనో ఒకే వీధిలో అమ్ముకునే కిరాణావాడికి ఈ బాధ ఏడాదికి ఒకసారైనా రాదు. అతను ఐదు స్టార్లు ఇచ్చాడంటే అబద్ధం ఆడినట్టు కాదు, అతని కొట్టుకు అది నిజంగానే ఐదు స్టార్ల సాఫ్ట్‌వేర్. 2021 నవంబరు నుంచి ప్లేస్టోర్ మనకు మన దేశపు వినియోగదారుల రేటింగునే చూపిస్తోంది. అంతకు ముందు లోకమంతటిదీ కలిపి చూపేది, దానికంటే ఇది మేలే. కానీ దేశం అన్న ఆ ఒక్క గంపలో బెంగళూరు కంపెనీ, గుణుపురం కొట్టు కలిసిపోతాయి. లక్ష మంది సరాసరిలో మన కష్టం కనిపించే అవకాశమే లేదు.

అక్షరాల సంగతీ అంతే. బిల్లు మీద సరుకు పేరు తెలుగులో కావాలనే ఖాతాదారులు మా బజార్లలో ఉన్నారు, ఒడియాలో కావాలనేవాళ్లూ ఉన్నారు. చవకగా దొరికే రెండంగుళాల థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి మన లిపులు రావు. సాఫ్ట్‌వేర్ ఆ పేరును బొమ్మగా మార్చి పంపితేనే సరిగ్గా పడుతుంది. లేదంటే వత్తులు అక్షరం కింద పడకుండా పక్కకు జరుగుతాయి, ఒక్కోసారి పేరంతా డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. "బియ్యం" అన్న మాటను అచ్చు వేయించి చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి కోసం తయారైందో తెలిసిపోతుంది. నాలుగున్నర స్టార్లు ఆ సంగతి చెప్పవు.

పెద్ద సాఫ్ట్‌వేర్లకు జీ2, కాప్టెరా లాంటి సమీక్షల సైట్లు వేరే ఉన్నాయి. అక్కడ సమీక్ష రాసినవాళ్లకు గిఫ్ట్ కార్డులిచ్చే అలవాటుంది. అలా రాసినవాటికి ప్రోత్సాహకం అందిందని గుర్తు కూడా పెడతారు. గుర్తు పెట్టడం మంచిదే, దాన్ని చూసి చదవాలి. ఆ పొడుగాటి ఫారాలు నింపేది ఎక్కువగా ఆఫీసుల్లో కూర్చుని పనిచేసేవాళ్లు. జయపురంలో ఎరువుల కొట్టు నడిపేవాడికి ఆ సైటు ఉందని కూడా తెలియదు.

కోపంతో పడే ఒక స్టారు కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ అధినేత అన్నాడని ప్రచారమైన ఒక మాట మీద మనవాళ్లు ఒక స్టారు రేటింగులు కుమ్మరించారు. పేరు దగ్గరగా ఉన్న పాపానికి ఏ సంబంధమూ లేని స్నాప్‌డీల్‌కూ దెబ్బలు తగిలాయి.

అప్పు ఇచ్చే యాప్‌ల విషయంలో మాత్రం నాకు ఇంత మీమాంస లేదు: స్టార్లు చూడనే చూడొద్దు. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021 నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, అప్పట్లో మన దేశంలో ఫోన్లకు దొరికిన సుమారు 1100 అప్పుల యాప్‌లలో 600 దాకా అక్రమమైనవే. అవి ఎనభైకి పైగా యాప్ స్టోర్లలో దొరికాయి. వేధింపులు తట్టుకోలేక 2020 చివర్లో తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లను మనం మరవలేదు. అప్పు చేతికి అందిన నిమిషంలో వేసిన ఐదు స్టార్లకు, వారం తర్వాత చుట్టాలందరికీ వెళ్లే బెదిరింపు ఫోన్లకు మధ్య జరిగేదేదీ ఆ అంకెలో ఉండదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ తరఫున నడుస్తున్నాయని చెప్పిన యాప్‌ల జాబితాను 2025 జులై 1 నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లోనే పెడుతోంది. అందులో పేరు లేని యాప్‌ను ఫోనులోకి రానివ్వకూడదు.

వ్యాపారపు సాఫ్ట్‌వేర్ విషయంలో సమీక్షలు చదవక తప్పదు. చదివేటప్పుడు అంకె వదిలేసి మాటల్లోకి వెళ్లాలి. నేనైతే రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్ల దగ్గర మొదలుపెడతాను. వాళ్లు పొగడడానికీ రాలేదు, తిట్టిపోయడానికీ రాలేదు. ఏది పనిచేస్తోందో, ఏది ఆగిపోయిందో విడదీసి చెప్పే ఓపిక ఉన్నవాళ్లు వాళ్లే. ఆ కింద కంపెనీ ఇచ్చిన జవాబులు చదవాలి. "మీ మాటకు ధన్యవాదాలు, మాకు మెయిల్ పెట్టండి" అన్న ఒకే వాక్యం వంద చోట్ల అతికించి ఉంటే, రేపు మన గోడుకూ అదే జవాబు. ఫలానా తప్పును ఫలానా వెర్షన్‌లో సరిచేశామని రాసి ఉంటే లోపల పనిచేసే మనిషి ఒకడున్నాడని అర్థం. చందా కట్టకముందే ఉచితంగా వాడుకోనిచ్చే రోజుల్లో మన ఊరి బిల్లొకటి, పక్క రాష్ట్రం బిల్లొకటి, వెనక్కొచ్చిన సరుకుదొకటి వేసి, ఆ నెల అమ్మకాల లెక్క ప్రభుత్వానికి చెప్పే జీఎస్‌టీఆర్-1 రిపోర్టు తీసి ఆడిటరుకు చూపించాలి. డేటా మొత్తం ఎక్సెల్‌లోకి తీసుకోనిస్తుందో లేదో కూడా అప్పుడే చూడాలి, వదిలిపోదామనుకున్న రోజున దారి ఉండాలి కదా. అడగకుండా చందా కోసేసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2023 నవంబరులో కేంద్రం గుర్తించిన 13 రకాల ఆన్‌లైన్ వంచనల్లో సాఫ్ట్‌వేర్ చందాల పేరిట చేసే మాయ కూడా ఒకటి.

అయితే మన వంతు మౌనం గురించి కూడా చెప్పాలి. ఒడిశాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది చదువు ఒడియా మీడియంలో సాగింది. ఆ సాఫ్ట్‌వేర్‌తో పడ్డ బాధ ఎదురుగా కూర్చుంటే గంటసేపు చెబుతారు. రాయమంటే తెలుగు అక్షరాలు చేతికి రావు, ఇంగ్లిష్ అంటే జంకు. చివరికి "నైస్" అన్న ఒక్క మాటో, ఏమీ రాయకుండా ఒక స్టారో మిగులుతుంది. ఫోనులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుంది. ఇలా రాస్తే చాలు: "పర్లాకిమిడిలో హార్డ్‌వేర్ కొట్టు. ఎనిమిది నెలలుగా వాడుతున్నాం. ఆంధ్రకు పంపే బిల్లుకు ఐజీఎస్టీ తనే వేస్తోంది, రిటర్ను బిల్లుకు వేయడం లేదు. తెలుగు పేర్లు ప్రింటులో చెడిపోతున్నాయి. నెట్ పోయినా బిల్లు వస్తుంది. ఫోన్ చేస్తే మర్నాడు ఎత్తారు." ఇలాంటిది ఒక్కటి కనిపిస్తే రాయగడలో, కాశీబుగ్గలో కొత్తగా కొనబోయేవాడు కట్టబోయే చందా గురించి రెండోసారి ఆలోచిస్తాడు. కంపెనీవాడు కూడా ఆ రిటర్ను బిల్లు సంగతి చూడక తప్పదు.