బలరాం మనవాడు కాదా?

మొన్నటి యూత్ కమిటీ మీటింగ్ సంగతి మీలో చాలామందికి ఈపాటికే చేరి ఉంటుంది, మన వాట్సాప్ గ్రూపుల గురించి వేరే చెప్పాలా. అయినా నా మాట పత్రికలోనే రాయాలనిపించింది. వేసవిలో ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘం పెట్టే పిల్లల సాకర్ టోర్నమెంట్‌కు ఈసారి ఒక పేరు ఉంటే బాగుంటుందన్నారు. ఒకప్పటి భారత ఫుట్‌బాల్ ఆటగాడి పేరు మీద తులసీదాస్ బలరాం కప్ అని పెడదామన్నాను నేను. ఎవరూ ఒప్పుకోలేదు. దాని గురించి నాకు బాధ లేదు, కమిటీ అన్నాక నలుగురి మాట చెల్లాలి. కానీ ఉగాదికీ దీపావళికీ ఎన్నో ఏళ్లుగా పక్కపక్కన నిలబడి పనిచేసిన పెద్దాయన, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి, "ఆయన తెలుగువాడేనా?" అని అడిగారు. ఇంకెవరో "కలకత్తా ప్లేయర్ కదండీ" అన్నారు. అక్కడితో చర్చ ముగిసిపోయింది. కప్పుకు స్పాన్సర్ పేరు, టీములకు మెస్సీ, రొనాల్డో, ఎంబాపే పేర్లు ఖాయమయ్యాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బలరాం పుట్టింది అమ్ముగూడలో. సికింద్రాబాద్ నుంచి బొల్లారం వెళ్లే రైలు మార్గంలో చిన్న స్టేషన్ అది, కంటోన్మెంట్‌ను ఆనుకుని ఉండే ఊరు. చాలా పేద ఇల్లు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పడేసిన బూట్లను చెప్పులు కుట్టే అతని దగ్గర సరిచేయించుకుని ఆడాడు. అలాంటి కుర్రాడు ఒక లీగ్ మ్యాచ్‌లో ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డాడు. రహీం సాబ్ సెలెక్షన్‌కు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరంలోకి రోజూ రావడానికి నా దగ్గర డబ్బుల్లేవు అన్నాడు పిల్లవాడు. సైకిల్ అద్దెకు తీసుకో, డబ్బులు నేనిస్తాను అన్నారాయన. దాదాపు 15 కిలోమీటర్లు వెళ్లాలి, మళ్లీ అంత దూరం తిరిగి రావాలి, మధ్యలో ప్రాక్టీసు. అలా అద్దె సైకిల్ తొక్కిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ఆ ఏడాది నవంబర్‌లోనే. మనకు రాష్ట్రం వచ్చిన మరుసటి నెలలో మన ఊరి కుర్రాడు ఒలింపిక్స్ మైదానంలో ఉన్నాడు, ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకు మించి పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

నాలుగేళ్ల తర్వాత రోమ్‌లో మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ పడ్డాయి. అప్పట్లో హంగరీ అంటే మాటలు కాదు. ఆ హంగరీ మీద 1-2తో ఓడిపోయాం, మన గోల్ కొట్టింది బలరాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూతో 1-3, ఆ ఒక్కటీ మళ్లీ బలరామే. గ్రూపు దాటలేకపోయాం, నిజమే. కానీ ఆ స్కోర్లు ఇవాళ చూస్తే, ఇవాళ్టి మన జట్టు పరిస్థితి తెలిసినవాళ్లకి, కళ్లు చెమరుస్తాయి.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ ఇంకా పెద్దది. రహీం సాబ్ కోచ్, అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆటలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి ఒకాయన తప్పుపట్టారని ఊరు ఊరంతా మనవాళ్ల మీద మండిపడుతోంది. థాయిలాండ్ మీద బలరాం గోల్ కొట్టాడు, జపాన్ మీద కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా, స్టేడియం నిండా మనల్ని గేలి చేసే జనం. తలకు దెబ్బతగిలి కట్టుతో ఆడుతున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ఫార్వర్డ్‌గా పంపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1. గోల్‌పోస్టు ముందు పీటర్ తంగరాజ్, ఆయనా హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. మరుసటి జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. అదే 1963లో బలరాంకూ ఊపిరితిత్తుల జబ్బు చేసి, ఇంకా ముప్పై నిండకుండానే ఆట ఆపేయాల్సి వచ్చింది.

మా నాన్న లాలాగూడ రైల్వేలో పనిచేసేవారు. కుర్రతనంలో ఫతే మైదాన్‌లో, అంటే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయిన చోట, బలరాం ఆట చూశారు. మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఆ ఆట ఎన్నిసార్లు జరిగిందో. కంచం పక్కకు జరిపి, స్టీలు గ్లాసులు నాలుగు వరసగా నిలబెట్టేవారు, అవి డిఫెండర్లు. ఆవకాయ జాడీ గోల్‌పోస్టు. ఒక నిమ్మకాయ బంతి. ఎడమ అంచున బంతి అందుకుని బలరాం వెంటనే పరిగెత్తేవాడు కాదట, ఎదుటి డిఫెండర్ తన మీదికి వచ్చేదాకా ఆగేవాడట. నాన్న వేలు నిమ్మకాయ మీద ఆగేది. మేమందరం అన్నం కలపడం ఆపి చూసేవాళ్లం. వచ్చాడు, వచ్చాడు అంటూ ఒక గ్లాసును దగ్గరికి జరిపి, ఒంటిని కాస్త కుడికి వంచి, నిమ్మకాయను ఎడమవైపు నుంచి తీసుకెళ్లి జాడీకి తాకించేవారు. కోపంగా ఉన్న రోజు కూడా ఆ జాడీ దగ్గరికొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోయేది. అమ్మ మాత్రం ఆవకాయ మీద మూత సరిగ్గా ఉందో లేదో చూసుకునేది.

అలాంటి నాన్న నేను పదో తరగతికి రాగానే నా ఫుట్‌బాల్ బూట్లు తీసుకెళ్లి అటక మీద పెట్టేశారు. తిట్టలేదు, కొట్టలేదు. "చదువుకో నాన్నా, ఆట ఎక్కడికీ పోదు" అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. బలరాంకు రైల్వేలో ఉద్యోగం దొరికినా, ఆ జబ్బుతో, ఆ తర్వాత వచ్చిన ఒంటరితనంతో ఆయన ఎంత నలిగాడో నాన్నకు తెలుసు. కొడుక్కి ఆ బతుకు వద్దనుకున్నారు. కానీ మన ఇళ్లలో అటకెక్కిన బూట్లన్నీ కలిపి చూస్తే హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు చచ్చిపోయిందో అర్థమవుతుంది. ఆ నగరపు పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57లో హైదరాబాద్‌ది, 1957-58లోనూ హైదరాబాద్‌దే. రహీం సాబ్ బడిపంతులు, కుడికాలి వాటం పిల్లలు ఎడమకాలితోనే కొట్టాలని నియమం పెట్టి టోర్నమెంట్లు నడిపారు, డ్రిబ్లింగ్ లేకుండా బంతి అందించుకుంటూ ఆడే పోటీలు పెట్టారు. అంత ఆలోచన ఉన్న చోట ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లవాడు సాయంత్రం అయిదింటికి ఎక్కడ ఉంటాడో మనందరికీ తెలుసు, కోచింగ్ సెంటర్లో.

ఇక్కడ మనమేదో మారిపోయాం అనుకుంటాం. శనివారం తెల్లవారుజామున చలిలో మడత కుర్చీలు పట్టుకుని, నారింజ ముక్కలు కోసి డబ్బాల్లో పెట్టుకుని మైదానానికి వెళ్తాం, అది చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది, మా నాన్నల కాలంలో ఏ తండ్రి వచ్చి గట్టున కూర్చున్నాడు? కానీ హైస్కూల్లో ఏపీ, అంటే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు మొదలవగానే, వేరే ఊళ్లకు వెళ్లి ఆడే ట్రావెల్ టీముకు సెలెక్ట్ కాలేదని తెలియగానే, కాలేజీ అప్లికేషన్‌లో దీనికెంత బరువుంటుందన్న లెక్క వచ్చేస్తుంది. ఆ లెక్కలో తక్కువ పడితే ఇక్కడా బూట్లు గరాజ్‌లో చేరతాయి.

కమిటీవాళ్ల వైపూ న్యాయం ఉంది. మైదానం అద్దె, ఇన్సూరెన్స్, పతకాలు, పిజ్జాలు, ఇవన్నీ ఊరికే రావు. స్పాన్సర్ లేకపోతే టోర్నమెంటే లేదు. పిల్లలకు తెలిసిన పేర్లుంటే రిజిస్ట్రేషన్లు పెరుగుతాయన్నదీ నిజమే, మా చిన్నదే మెస్సీ టీమ్ కావాలని పేచీ పెట్టింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. స్పాన్సర్ పేరు జెర్సీ మీద ఎంత పెద్దగా వేసినా నాకు అభ్యంతరం లేదు.

తెలుగువాడేనా అన్న మాట దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. అన్నయ్యా, మీరు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వీధుల్లో తెలుగు, ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు అన్నీ ఒకే అరుగు మీద కూర్చునేవి. ఆ వీధుల్లో పెరిగినవాడిని ఇంటి భాష అడిగి లోపలికి రానిస్తామా? అలా అడిగితే రహీం సాబ్ మనవాడు కాదు, తంగరాజ్ కాదు, 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కాదు, 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టిన హబీబ్ కాదు. అందరూ హైదరాబాద్ వాళ్లే. ఇక మనకు మిగిలేదెవరు? ఇక్కడ పుట్టి, అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మన పిల్లల్ని మనం తెలుగు పిల్లలనే అంటున్నాం. అనాలి కూడా, స్టేజీ ఎక్కించి పద్యాలు చెప్పించాలి కూడా. వాళ్లకోసం ఇంత వెడల్పుగా తెరిచిన తలుపు అమ్ముగూడలో పుట్టి ఫతే మైదాన్‌లో ఆట నేర్చినవాడికి మూస్తామా?

కలకత్తా ప్లేయర్ అన్నారు. 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లాడు, 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. పొట్టచేత పట్టుకుని వేరే ఊరు వెళ్లి అక్కడే స్థిరపడిపోవడం మనకు తెలియనిదా? వెళ్లినందుకు ఊరివాడు కాకుండా పోతే ఈ పత్రిక చదువుతున్న ఒక్కరమూ ఊరివాళ్లం కాము. బెంగాల్‌లో చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెబుతారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. అర్జున అవార్డు దగ్గరే ఆగిపోయింది. తనకోసం గట్టిగా అడిగే రాష్ట్రం ఒకటి వెనకాల ఉండి ఉంటే వచ్చేదేమో అని నాకు అనిపిస్తుంది. పెళ్లి చేసుకోలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవాడు. 2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల వయసులో పోయాడు.

ఆ నెల మొదట్లోనే కె. విశ్వనాథ్ గారు పోయారు. మన హాల్లో సంస్మరణ సభ పెట్టాం, పాటలు పాడాం, పెట్టి తీరాల్సిన సభే అది. తర్వాతి సంచికలో బలరాం గురించి ఒక్క వాక్యం రాలేదు. అదే ఏడాది ఆగస్టు 15న, మనం ఇక్కడ జెండా ఎగరేసుకుంటున్న రోజున, హైదరాబాద్‌లో హబీబ్ పోయారు. ఆయన గురించీ రాలేదు. రహీం సాబ్ మీద హిందీలో సినిమా వచ్చాక మాత్రం మన గ్రూపుల్లో నాలుగు రోజులు హడావిడి జరిగింది. సినిమాలో చూపిస్తే గానీ మనవాళ్లు మనకు కనపడకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

అందుకని జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ విషయం మళ్లీ పెట్టమని సెక్రటరీ గారికి ఉత్తరం ఇచ్చాను. కప్పుకు బలరాం పేరు, టీములకు రహీం, తంగరాజ్, నయీముద్దీన్, హబీబ్ పేర్లు. కప్పు మీద పేరు చెక్కించే ఖర్చు నాది. టీములకు మెస్సీ పేరే ఉండాలంటే దానికీ సరే, కప్పు ఒక్కటి బలరాంకు ఇవ్వండి. మొదటి మ్యాచ్‌కు ముందు ఎవరైనా ఐదు నిమిషాలు, తెలుగులోనో ఇంగ్లీషులోనో, పిల్లలకు ఆ అద్దె సైకిల్ కథ చెప్పాలి. ప్రాక్సీ ఓటు వేసేవాళ్లు దయచేసి ఈ అంశం దగ్గర ఖాళీ వదలకండి.

ఇంకొక్క మాట. ఇక్కడికి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దవాళ్లలో, సికింద్రాబాద్, లాలాగూడ, మల్కాజిగిరి వైపు పెరిగినవాళ్లలో, ఫతే మైదాన్‌లో బలరాం ఆట కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఎనభై దాటి ఉంటుంది. మీ ఇంట్లో అలాంటి నాన్నగారో మామగారో ఉంటే ఈ వారాంతంలో వాళ్లను కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. ఉర్దూలో చెప్పినా పరవాలేదు, తమిళంలో చెప్పినా పరవాలేదు.