చిరంజీవత్వానికి దగ్గరి దారి

పోయిన మనిషిని లోకం ఎన్నాళ్లు తలుచుకుంటుంది? ఫొటో గోడకెక్కేదాకా. ఆ తర్వాత దాని మీద దుమ్ము తుడిచేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండదు. వీలునామా రాయకుండా పోయినవాడి వైభవం వేరు. వాయిదా పడ్డ ప్రతిసారీ కోర్టులో ఆయన పేరు మోగుతుంది. కొడుకులు, కూతుళ్లు, ప్లీడర్లు, వాళ్ల గుమాస్తాలు... ఇంతమంది నోళ్లలో నానే భాగ్యం బతికుండగా ఎవరికి దక్కింది? అందుకే, ఆస్తి పంపకాల్లో తప్పులు చేయొద్దని హెచ్చరించేవాళ్ల మాట దయచేసి వినకండి. వాళ్లు తప్పులంటున్నవే అమరత్వానికి మెట్లు.

పెద్దల బాట ఉండనే ఉంది. అబ్రహాం లింకన్ వృత్తిరీత్యా లాయరు. అయినా 1865లో వీలునామా లేకుండానే వెళ్లిపోయాడు. దీపం కిందే చీకటి అంటారు గిట్టనివాళ్లు. పికాసో వేల బొమ్మలు గీశాడు గానీ, ఈ ఒక్క కాగితం మీద గీత పెట్టలేదు. 1973లో ఆయన పోయాక పంపకాలు తేలడానికి ఏళ్లు పట్టింది. ఆ ఖాళీ కాగితమే ఆయన చివరి కళాఖండమని నా అభిప్రాయం.

రాయకుండా ఉండలేని చేతిదురద ఉన్నవాళ్లు రెండు మూడు రాసి తలో చోటా దాచవచ్చు. గాయని అరీథా ఫ్రాంక్లిన్ 2018లో కన్నుమూశారు. వీలునామా లేదనే అందరూ అనుకున్నారు. మరుసటి ఏడు ఆమె ఇంట్లో చేతిరాత కాగితాలు బయటపడ్డాయి. 2010 నాటివి తాళం వేసిన బీరువాలో, 2014 నాటివి సోఫా దిండు కింద. ఏది చెల్లుతుందో తేల్చడానికి 2023లో జ్యూరీ కూర్చుంది. బీరువా ఓడింది, సోఫా గెలిచింది.

లాయరు ఫీజు దండగ అనుకునేవాళ్లకు అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన వారెన్ బర్గర్ ఆదర్శం. తన వీలునామా తానే రాసుకుని 176 మాటల్లో ముగించారు. అమలు చేసేవాళ్లకు స్థిరాస్తి అమ్మే అధికారం ఇవ్వడం మాత్రం మరిచారు. 1995లో ఆయన పోయాక ఆ అనుమతి కోసం వాళ్లు కోర్టు గడపే తొక్కాల్సి వచ్చింది. కోర్టు మీద మమకారమంటే అదీ!

మనలాంటి సామాన్యులకు సాక్షి సంతకం చాలు. బయటివాళ్లను పిలవడమెందుకు, పెద్దబ్బాయి ఉండగా? ఇల్లు ఎవడికి రాశారో వాడిచేతే సాక్షిగా సంతకం పెట్టించండి. చాలా దేశాల్లో అలా సంతకం పెట్టినవాడికి రాసిన వాటా చెల్లకుండా పోతుంది. ఎన్నేళ్లు చాకిరీ చేసినా, ఒక్క సంతకంతో వాడి నోట్లో వాడే మట్టి కొట్టుకుంటాడు. బీమా కాగితంలో పాతికేళ్ల కిందటి నామినీ పేరు జోలికి కూడా పోకండి. మధ్యలో విడాకులయ్యాయనీ, మళ్లీ పెళ్లయిందనీ కాగితానికేం తెలుసు?

అన్నిటికన్నా ఉత్తమం నోటిమాట. పెద్దమ్మాయి ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజున ‘ఈ ఇల్లు నీదేనమ్మా’ అనండి. చిన్నవాడు మందులు తెచ్చిన రోజున ‘నాదేముందిరా, అంతా నీదే కదా’ అనండి. రేపు బోనులో ఇద్దరూ నిజమే చెబుతారు. ఇద్దరూ నిజం చెప్పే కేసు ఎప్పటికి తెమలాలి?

మన ఉద్యమానికి మచ్చ తెచ్చినవాడూ ఒకడున్నాడు. కెనడా రైతు, పేరు సెసిల్ జార్జ్ హారిస్. 1948లో తన ట్రాక్టరు కిందే ఇరుక్కుపోయాడు. ఆ నరకంలో కూడా జేబులోని చాకు తీసి, ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఒక్క వాక్యం గీకాడు. తాను పోతే అంతా భార్యకేనని. కింద సంతకం కూడా. కోర్టు దాన్ని వీలునామాగా ఒప్పుకుంది. ఆ రేకుముక్కను తర్వాత ఒక యూనివర్సిటీ లా లైబ్రరీలో అద్దం వెనక పెట్టారు. చెడు ఉదాహరణలను ఇలా విద్యార్థుల కళ్లెదుట పెట్టడం తగునా?

నాకైతే ట్రాక్టరు లేదు. ఫ్యాను కింద కుర్చీ, బల్ల మీద పెన్ను, తెల్లకాగితాలు ఉన్నాయి. ‘వీలునామా’ అని శీర్షిక పెట్టి కింద గీత కూడా గీశాను. ఆ గీత వంకరగా వచ్చిందని కాగితం మార్చాను. అది ఎనిమిదేళ్ల కిందటి మాట. సొరుగులో పడేసిన ఆ కాగితం కోసం మొన్న వెతుకుతుంటే తాళాల గుత్తి దొరికింది. తొమ్మిది తాళంచెవులు, వాటిలో నాలుగు దేనికీ పట్టవు.

“ఏమండీ, ఈ చిన్నది దేనిది?” అంది మా ఆవిడ.

“లాకరుదేమో.”

“మనకు లాకరెక్కడుంది?”

ఆలోచించాను. ఆమె కాసేపు నా మొహం చూసి, ఆ చెవిని విడిగా తీసి కొంగున ముడేసుకుంది.