మీ వారి గొంతు ముప్పై సెకన్లు పంపండి

కరపత్రం నిగనిగలాడే కాగితం మీద వేశారు. ఆదివారం పేపరు మడతలో పెట్టి నెల్లూరు టౌనంతా పంచినట్టున్నారు. ఒక పక్క తల పట్టుకున్న మగమనిషి, ఇంకో పక్క నీలం రంగు మెదడు, అందులోంచి కరెంటు తీగలు. కింద లావుపాటి అక్షరాలు: 'మీ వారు తాగుతున్నారా? అనుమానమా? 30 సెకన్లు వారి గొంతు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. మా ఏఐ చెబుతుంది.'

అనుమానమట! ఈ జిల్లాలో మొగుడు తాగాడో లేదో తెలియక అనుమానంతో కుమిలిపోతున్న ఇల్లాలు ఒక్కరు కనబడినా పురమందిరంలో శాలువా కప్పి సన్మానం చేద్దాం. ఖర్చు నాది.

అయినా శాస్త్రాన్ని గౌరవించాలి కాబట్టి శాస్త్రం ఏమంటోందో వినండి. మ్యూనిక్‌లో 162 మందికి మందు పోసి, ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టి, నాలుక తిరగని వాక్యాలు పలికించి, తాగినప్పటి గొంతూ తాగనప్పటి గొంతూ భద్రపరిచారు. ఎవరి కంప్యూటరు తాగినవాణ్ణి బాగా పట్టగలదో తేల్చడానికి 2011లో ఆ గొంతులతో పోటీ కూడా నడిపారు. మందు ఖర్చు వాళ్లదేనని తెలిస్తే మన కావలి, కందుకూరుల నుంచి స్పెషల్ బస్సులు పోయేవి.

2014లో అమెరికాలో ఇంకో ముచ్చట. ఎక్స్‌టసీ అనే మత్తుమాత్ర మింగినవాళ్ల మాటలు స్నేహం, ఆసరా, ఆత్మీయత అనే అర్థాల దగ్గరికి జరుగుతాయని కంప్యూటరు లెక్కగట్టింది. ఉత్తుత్తి మాత్ర మింగినప్పటి మాటల నుంచి వాటిని 88 శాతం దాకా సరిగ్గా వేరుచేసింది. రాత్రి తొమ్మిదికి మద్రాసు బస్టాండు పక్కన వైన్ షాపు ముందు నిలబడి, 'అన్నా, నువ్వంటే నాకు ప్రాణం అన్నా' అంటూ ముక్కూమొహం తెలియని మనిషి మెడ మీద వాలిపోతే, అది రక్తసంబంధమా క్వార్టర్ సంబంధమా అని తేల్చుకోవడానికి మనకైతే కంప్యూటరు అక్కర్లేదు.

ఇక మాటను బట్టి మనసు జబ్బు పట్టే ఈ రంగానికి 2015 నాటి పరిశోధన స్థలపురాణం. మతి చలించే ప్రమాదం ఉందనుకున్న 34 మంది కుర్రవాళ్ల మాటలు తీసుకున్నారు. ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ అర్థంలో ఎంత ఎడం ఉందో కొలిచారు. ఎవరికి జబ్బు బయటపడుతుందో యంత్రం నూటికి నూరుపాళ్లు ముందే చెప్పింది. బయటపడింది ఎంతమందికి? ఐదుగురికి. 2018లో ఇంకొంతమంది మీద చూస్తే నూరు కాస్తా 83కి, అక్కడ నేర్చిన లెక్కను మొదటి గుంపుకే వేస్తే 79కి దిగింది. పరిశోధకులు బుద్ధిమంతులు, ఇది తొలి ప్రయత్నమేనని రాసుకున్నారు. కరపత్రాలు వేసేవాళ్లు అక్కడిదాకా చదవరు.

ఈ వాక్యాల ఎడం కొలిచే యంత్రాన్ని ఎవరైనా కలిగిరి తెచ్చారనుకోండి. షామియానా వేశారు, లాప్‌టాప్ తెరిచారు, మైకు పెట్టారు. వింజమూరు పక్క నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి 'నిన్న ఏం చేశారో చెప్పండి' అని అడిగారు.

'నిన్నా? నిన్న ఏముందబ్బయ్యా, పొద్దున్నే బస్సు కోసరం నిలబడ్డా, రాలా. మా వియ్యంకుడు బండి మీద పోతా ఎక్కమన్నాడు. ఆయన అల్లూరు పక్క రొయ్యల గుంట ఏసి ఉన్నదంతా అమ్ముకున్నాడులే. వైరస్సు. రొయ్యకు జొరమొస్తే అది చెప్పదు గదా! ఆయన చిన్న కొడుకు కువైట్‌లో ఉండాడు, ఆడ ఎండలు మన ఉదయగిరి ఎండల కంటే జాస్తి అంట. మా నాయన ఆ ఎండలోనే సేద్యం చేసినాడు. అన్నమంటే మొలగొలుకులే తినాల ఆయన...'

బస్సు నుంచి రొయ్యకు ఎడం. రొయ్య జ్వరం నుంచి కువైట్‌కు ఎడం. కువైట్ నుంచి మొలగొలుకులకు కొలిచేసరికి యంత్రానికి చెమటలు పట్టాయి. 'ఆలోచనలకు పొంతన లేదు, తీవ్ర ప్రమాదం' అని ఎర్రలైటు వెలిగింది. పెద్దాయన ఇంకా ముగించలేదు. ఇంకో పావుగంటకు ఆయన కథ మళ్లీ అదే బండెక్కి, కరెంటాఫీసు ముందు దిగి, బిల్లు కట్టి బయటికొస్తుంది. అనుమానం ఉన్నవాళ్లకు జేబులోంచి రసీదు తీసి చూపిస్తాడు కూడా. కానీ రిపోర్టు అప్పటికే ప్రింటయిపోయింది.

తర్వాత ఆయన కోడలు. 'నిన్న ఏం చేశారమ్మా?' 'ఏం చేస్తాం.' 'ఇంకా?' 'ఇంకేముంది.' తక్కువ మాటలు, పొడుగు విరామాలు, గొంతులో ఎగుడుదిగుళ్లు లేవు: డిప్రెషన్. కుంగిన మనిషి మెల్లగా, ఆగి ఆగి మాట్లాడతాడన్నది అబద్ధం కాదు, క్రేపెలిన్ అనే జర్మన్ డాక్టరు వందేళ్ల కిందటే రాశాడు. కాకపోతే ఈమె పక్కన అత్తగారు కూర్చుని ఉంది. ఆ సంగతి మైకుకు ఎక్కదు.

చివర్న ఆమె మొగుడు. పొద్దున్నే వేసుకునే వచ్చాడు. ఇరవై ఏళ్లుగా నిలకడగా మాట్లాడటం సాధన చేసిన మనిషి. రేడియో వార్తల్లాగా అక్షరం అక్షరం విడమరిచి చెప్పాడు. యంత్రం పచ్చలైటు వెలిగించింది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోజూ 'ఒసే' అనే మనిషి 'ఏమండీ, మంచినీళ్లు ఇప్పిస్తారా' అన్నాడంటే లోపల ఎంత పడిందో ఆమెకు తెలుసు.

పోనీ యంత్రానికి మన మాట అర్థమవుతుందనా? ఇంగ్లిషుకు పుట్టిల్లు లాంటి అమెరికాలోనే, 2020లో ఐదు పెద్ద కంపెనీల యంత్రాలకు మాటలు వినిపించి రాయిస్తే, తెల్లవాళ్ల మాటల్లో నూటికి 19, నల్లవాళ్ల మాటల్లో నూటికి 35 తప్పులు వచ్చాయి. ఇక ఉదయగిరి, కనిగిరి తెలుగు దాని చెవికి ఎలా వినబడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

సరే, అన్నీ సరిగ్గానే విన్నదనుకుందాం. 'తాగుతున్నాడు, బాగా ముదిరింది' అని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆ ఆడమనిషి ఎక్కడికి పోవాలి? 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, మద్యం జబ్బున్న నూరుమందిలో 86 మందికి వైద్యమే అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రం లేదు. ఉంటే అంకె తగ్గేదని ఆశపడేవాళ్లు ఆశపడొచ్చు. మానేస్తానని ఒట్టేసి ఒక్కసారిగా ఆపేసినవాడికి రెండో రోజు ఫిట్స్ రావచ్చు, మూడో రోజు గోడల మీద లేని పురుగులు కనబడొచ్చు. ప్రాణం పోయే జబ్బది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోతారు. తప్పు వాళ్లది కాదు. అది జబ్బని, ఆసుపత్రిలో చేర్చి మాత్రలిస్తే తగ్గుతుందని వాళ్లకు చెప్పిన మనిషి లేడు. గొంతు రికార్డు చేసేవాడున్నాడు గానీ కూర్చుని వినేవాడు లేడు.

ఇదే కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కాంట్రాక్టర్లను ఊళ్లోంచి తరిమారు. చదువు మధ్యలో ఆగినవాళ్లు, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు. వాళ్లు ఎవరి గొంతునూ విశ్లేషించలేదు, తమ గొంతు ఎత్తారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. 2024 అక్టోబరులో క్వార్టర్ 99 రూపాయలకే అమ్మకానికి పెట్టారు. తాగించే చోట ఇంత తెలివి, ఇంత ఏర్పాటు, ఇంత చవక. తాగి పడిపోయినవాడి భార్యకు మాత్రం ముప్పై సెకన్లు రికార్డు చేసి పంపే సౌకర్యం! సిగ్గనిపించదా?

మాకు ఆసుపత్రిలో పరుపున్న మంచం ఇవ్వండి. రాత్రిపూట కూడా ఉండే డాక్టరునివ్వండి. తాగుడు మాన్పేటప్పుడు ఇచ్చే లిబ్రియం, థయమిన్ 'స్టాకు అయిపోయింది' అనని మందుల గదినివ్వండి. రోగనిర్ధారణ సంగతి మా ఆడవాళ్లకు వదిలేయండి, ఉచితంగా, నూటికి నూరుపాళ్లు కచ్చితంగా చేసిపెడతారు, అదీ ఐదుగురికి కాదు, ఊరంతటికీ.